అలవాటు పడుతుందిలే అనుకోవద్దు



మే నెల ఎండలో ఒంగోలు ఆవు నెమరు వేస్తూ ఉంటే, పక్కనే కట్టిన సంకరజాతి ఆవు రొప్పుతుంది; పాలు తగ్గిస్తుంది. "నాలుగు రోజుల్లో అలవాటు పడుతుందిలే" అని కొందరు సభ్యులు ఊరుకుంటారు. ఇది పొరపాటు.

మన ఎండలకు తట్టుకున్న పశువులే తరతరాలుగా బ్రతికి, ఈని, తమ లక్షణాలను దూడలకు ఇచ్చాయి. పొట్టి తెల్ల వెంట్రుకలు, వదులైన గంగడోలు, ఎక్కువ చెమట గ్రంథులు అలా నిలిచినవే. దీనినే ప్రకృతి వరణం అంటారు. ఇది ఒక్క వేసవిలో జరిగేది కాదు. జెర్సీ, హోల్‌స్టీన్ చల్లని సీమల జాతులు. వాటి రక్తం పాలనూ పెంచింది, వేడి బాధనూ తెచ్చింది. గేదెకూ చెమట గ్రంథులు తక్కువ. అందుకే నీళ్లలో పడుకుంటుంది.

కావున సంకర ఆవుకు నీడ, ఎల్లవేళలా చల్లని తాగునీరు, చెరువు లేనిచోట గేదెకు మధ్యాహ్నం స్నానం తప్పనిసరి. ప్రకృతి ఇవ్వని రక్షణను మనమే కల్పించాలి.