కార్తీకం దాటాక

ఖరగ్‌పూర్,
దసరా వెళ్లిన ఆదివారం.

మేనల్లుడికి,

ఈ కార్తీకమంతా మందు ముట్టనని అన్నావట, మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఒకే ఊళ్లో ఉంటూ ఉత్తరమేమిటని అనుకోకు. ఇలాంటి సంగతి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే పది నిమిషాల్లో వాదులాట అవుతుంది, లేదా నువ్వు తలూపి తప్పించుకుంటావు. కాగితం మీదైతే నేను చివరిదాకా చెప్పగలను, నువ్వు తీరిగ్గా చదివి కాదనుకోవచ్చు. నా మాట ఒక్కటే, అల్లుడూ. నెల మానితే ఒంటికి కలిగే మేలు నిజమే. దానికన్నా పెద్ద లాభం, మందు నీ మీద ఎంత పట్టు సాధించిందో నీకే తేటతెల్లం కావడం. అలా తెలిసినదాన్ని మార్గశిరంలో వాడుకున్నప్పుడే ఈ నెలకు పూర్తి ఫలితం దక్కుతుంది.

నెల రోజులే ఎందుకు, వారం చాలదా అని ఎవరైనా అడగవచ్చు. మన రైల్వే బతుకులో దానికి జవాబుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టి కార్ఖానా పెట్టిన నాటినుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపునుంచి వచ్చిన మనవాళ్ల జీవితం నెల లెక్కనే నడుస్తోంది. జీతం నెలకోసారి పడుతుంది. చీటీపాట నెలకోసారి. బండి మీద పనిచేసే నీలాంటి రన్నింగ్ స్టాఫ్‌కు రెండు మూడు వారాల్లో డ్యూటీల లింకు మారి నైట్ డ్యూటీలు, రన్నింగ్ రూమ్ పడకలు, హెడ్‌క్వార్టర్ రెస్టులు అన్నీ ఒక చుట్టు తిరుగుతాయి. ఆ మధ్యలో ఒకరి రిటైర్మెంట్ పార్టీ, ఇంకొకరి ప్రమోషన్ పార్టీ ఉండనే ఉంటాయి. తాగాలనిపించే సందర్భాల్లో చాలావరకు నెలలో ఒక్కసారైనా ఎదురవుతాయి. వారం మానితే జీతం రోజు తగలకుండానే గడిచిపోవచ్చు. నెల మానితే తప్పించుకోలేవు. పైగా ఈ ఏటి కాలం చూడు. దసరా ముందు బోనస్ అందింది. కొన్నేళ్లుగా అది 78 రోజుల వేతనం లెక్కన, గరిష్ఠంగా 17,951 రూపాయలు. వీధి వీధినా కాళీపూజ పందిళ్లు లేస్తాయి. మన అమావాస్య దీపావళి, ఇక్కడివాళ్ల కాళీపూజ ఒకే రాత్రి. తెల్లారితే కార్తీక శుద్ధ పాడ్యమి. జేబులో డబ్బు, ఊళ్లో పండగ ఉన్నప్పుడే మొదలవుతుంది కాబట్టి ఈ నెలలో తేలిన ఫలితాన్ని నమ్మవచ్చు.

ఇక ఒంటి సంగతి. లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రి వైద్యులు ఓ మోస్తరుగానూ, అంతకన్నా ఎక్కువగానూ తాగే ఆరోగ్యవంతులను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. 94 మంది నెలపాటు మానేశారు, 47 మంది ఎప్పటిలా తాగుతూ వచ్చారు. మానినవాళ్లలో రక్తపోటు సుమారు 6.6 శాతం, బరువు 1.5 శాతం తగ్గాయి. చక్కెర జబ్బుకు దారితీసే ఇన్సులిన్ నిరోధకత దాదాపు నాలుగో వంతు తగ్గింది. క్యాన్సర్ పెరుగుదలతో సంబంధమున్న కొన్ని ప్రోటీన్లు కూడా రక్తంలో బాగా పడిపోయాయి. తిండి, వ్యాయామం, సిగరెట్లలో వచ్చిన తేడాల వల్ల ఈ మార్పు రాలేదని కూడా లెక్క చూశారు. ఇందులో లోపాలు లేకపోలేదు. మానేవాళ్లను చీటీలు వేసి ఎంచలేదు, మానాలనుకున్నవాళ్లే మానారు. ఆ మేలు ఎంతకాలం నిలిచిందో కూడా ఆ పరిశీలన చెప్పలేదు. అయినా మనిషి ఒంట్లో మందు చేసే చెడు కొంతైనా నాలుగు వారాల్లో వెనక్కి మళ్లగలదని తెలియడం చిన్న విషయం కాదు. రోజుకో పెగ్గు గుండెకు మంచిదనే మాట నీ చెవిన పడే ఉంటుంది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది.

నీ ఉద్యోగానికి దగ్గరి లెక్క ఒకటి చూద్దాం. ఆఫ్ షాపులో కొనే క్వార్టర్ విస్కీ 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని అచ్చేసి ఉంటుంది. అంటే అందులో 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంది, తూకంలో దాదాపు 61 గ్రాములు. మన కాలేయం గంటకు సుమారు ఏడెనిమిది గ్రాములకు మించి కరిగించలేదు. చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మరసం, బ్లాక్ కాఫీ ఏవీ దాని వేగం పెంచలేవు. రాత్రి పదకొండుకు సీసా ఖాళీ చేసినవాడి రక్తం ఉదయం ఏడింటిదాకా శుభ్రపడదు. తెల్లవారుజామున నాలుగింటికి కాల్ వస్తే, క్రూ లాబీలో సైన్ ఆన్ చేసేముందు ఊదే యంత్రం ఆ సంగతి బయటపెడుతుంది. నిద్రపోయి లేచాను, మత్తు దిగిపోయిందన్నది నీకు కలిగే భావన మాత్రమే. మత్తులో డ్యూటీ చేసి భద్రతకు ముప్పు తెచ్చిన ఉద్యోగికి ఏడాది దాకా జైలుశిక్ష వేయవచ్చని రైల్వే చట్టం, 1989, 172వ సెక్షన్ చెబుతోంది. అంతదాకా వెళ్లకపోయినా, వెనక వందలమంది ప్రయాణికులతో సిగ్నల్ చూడవలసిన కళ్లు నీవి.

లింకు మారితే నిద్ర పట్టదు, ఒక పెగ్గు వేసుకుంటేనే కునుకు వస్తుందని మీ రన్నింగ్ స్టాఫ్ అంటారు. మీ అలసట నిజం, దాన్ని తేలిగ్గా తీసేయను. మందు త్వరగా నిద్రపుచ్చే మాటా నిజమే. కానీ ఆ మత్తు తగ్గే కొద్దీ రెండో సగం నిద్ర చెదురుతుంది, మెలకువలు వస్తాయి, మొత్తం మీద కలల నిద్ర తరుగుతుంది. అలసట మిగిలిపోయి మర్నాడు ఇంకో పెగ్గు అవసరమనిపిస్తుంది. మానిన మొదటి వారంలో నిద్ర మరింత పాడైనట్టు అనిపిస్తే భయపడకు. ఆ కొద్ది రోజులూ ఓర్చుకుంటే చాలామందికి రెండో వారం నుంచి గాఢంగా పడుతుంది. పగలు పడుకునేటప్పుడు కిటికీకి మందమైన తెర వేయి, ఫోన్ పక్కగదిలో పెట్టు, డ్యూటీ దిగే ముందు మూడు నాలుగు గంటలు టీ తాగకు.

"నేనేం తాగుబోతును కాదు, నాకెందుకు ఇదంతా" అనే అభ్యంతరం నీ మనసులో ఉండవచ్చు. మన కార్ఖానాకు పీఓహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాల్) కోసం వచ్చే బోగీని తలచుకో. అది పాడైపోయిందని రాదు. నిర్ణీత గడువు వచ్చింది కాబట్టి, బాగా నడుస్తున్నా సరే, లైన్లోంచి తీసి విప్పి ప్రతి భాగాన్నీ కొలుస్తారు. అరుగుదల పైకి కనబడదు, అందుకే కొలవాలి. మందుకూ ఇదే వర్తిస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు దాదాపు 16 కోట్లు. వారిలో సుమారు 5.7 కోట్లమందికి దానివల్ల కలుగుతున్న సమస్యలకు సాయం అవసరం, అంటే ముగ్గురిలో ఒకరికన్నా ఎక్కువ. వాళ్లంతా తమకు సాయం కావాలని అనుకుని ఉండరు. నెల గడిచాక నువ్వు తేలిగ్గా మానగలిగావని తేలితే, ఆ ధైర్యానికి రుజువు దొరికినట్టే. తేలిగ్గా కాలేదని తేలితే, ముందుగానే తెలిసినందుకు అంతకన్నా మేలు.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. కార్తీకం పేరుతోనో, అయ్యప్ప మాలతో 41 రోజులో మానేవాళ్లు మన పేటల్లో ఏటా ఉన్నారు. నెల దాటిన మర్నాడే, మాల తీసిన సాయంత్రమే, బాకీ తీర్చుకున్నట్టు తాగేవాళ్లూ వాళ్లలోనే ఉన్నారు. మరి లాభమేమిటి? బ్రిటన్‌లో 2013లో నాలుగు వేలమందితో మొదలైన, జనవరి నెలంతా మందు మానే ‘డ్రై జనవరి’ ఉద్యమం మీదా ఇదే ప్రశ్న వేశారు. ససెక్స్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ డి విస్సర్ అందులో 2018లో పాల్గొన్న ఎనిమిది వందల పైచిలుకు మందిని ఆగస్టులో మళ్లీ పలకరించారు. వారానికి తాగే రోజులు సగటున 4.3 నుంచి 3.3కు దిగాయి. ఒళ్లు తెలియకుండా తాగడం నెలకు 3.4 సార్లనుంచి 2.1కి తగ్గింది. నెల పూర్తిచేయలేకపోయినవాళ్లలోనూ కొంత మేలు కనిపించింది. జవాబిచ్చినవాళ్లలో బాగుపడినవాళ్లే ఎక్కువ ఉండవచ్చునని నేనూ ఒప్పుకుంటాను. కానీ నెల మానినవాళ్లంతా మర్నాడు రెట్టింపు తాగుతారన్న మాట మాత్రం ఇక్కడ నిలవలేదు.

తేడా ఎక్కడొచ్చిందంటావా? మాలలో ఉన్నన్నాళ్లూ మందును ఆపేది దీక్ష. దీక్ష దిగాక ఆపడానికి ఏదీ మిగలదు. ఏ సాయంత్రం ఎందుకు కోరిక పుట్టిందో, దాన్ని ఎలా దాటాడో మనిషి గమనించుకుంటేనే అది తర్వాత పనికొస్తుంది. దీక్షను తక్కువ చేయడం లేదు. ఇంటిల్లిపాదీ ఒకే నియమంలో ఉండటం, సోమవారాల ఉపవాసం, వనభోజనాల్లో మందు లేకుండానే నలుగురూ నవ్వుకోవడం గొప్ప ఆసరా. దానికి తోడు నువ్వు చేయవలసింది చిన్న పని. ఒక జేబు నోటుబుక్కు పెట్టుకో. తాగాలనిపించిన ప్రతిసారీ గంట ఎంతో, ఎక్కడున్నావో, పక్కన ఎవరున్నారో, కడుపు ఖాళీగా ఉందో లేదో ఒక్క వరుసలో రాయి. మిగిలిన డబ్బు వేరే కవరులో వేయి. క్వార్టర్‌కూ, దానితో తినేదానికీ కలిపి 250 అనుకుంటే, వారానికి నాలుగుసార్ల లెక్కన నాలుగు వారాలకు 4,000 రూపాయలు. నెలాఖరున ఆ పుస్తకం చదివితే నీ తాగుడులో సగం ఆకలి వల్లనో, ఒంటరితనం వల్లనో, ఫలానా స్నేహితుడి ఫోన్ వల్లనో అని తేలవచ్చు. అప్పుడు మార్గశిరానికి నియమం రాసుకో. డ్యూటీ ముందురోజు అసలు ముట్టకపోవడం, ఇంట్లో సీసా ఉంచకపోవడం, వారానికి ఒక్కరోజుకు మించకపోవడం, లేదా ఇక పూర్తిగా మానేయడం. ఏది ఎంచుకున్నా కార్తీకం ముగియకముందే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే రాయి.

ప్రభుత్వమే నిషేధం పెట్టి నిలపలేకపోయింది, ఒక్కడి నెల నియమం ఏం నిలుస్తుందని నీ తోటివాళ్లు అనవచ్చు. ఆ చరిత్ర మనవాళ్లదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మా, చదువుల తరగతుల్లో కూడిన తోటి ఆడవాళ్లూ సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం చేతుల మీదుగా మద్యమంతా నిషేధంలోకి వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. పొరుగు రాష్ట్రాలనుంచి దొంగరవాణా, ఖజానాకు గండి కారణాలన్నారు. నాకు అర్థమైనంతలో ఆ కథ చెప్పేది వేరు. పైనుంచి వచ్చిన చట్టం సడలింది కానీ, దానికి ఊపిరి పోసింది మాత్రం మా ఇంట్లోకి సారా రావద్దని కొందరు స్వయంగా తీసుకున్న నిర్ణయం. నువ్వు చేయబోతున్నదీ ఆ కోవలోదే. అందుకే దాన్ని దాచకు. కాళీపూజకు ముందే స్నేహితులతో, ఈ నెల నేను తాగనని నోరు తెరిచి చెప్పు. కడుపు బాగాలేదనీ, మాత్రలు వాడుతున్నాననీ అబద్ధాలు చెబితే రోజుకొకటి కొత్తది వెతుక్కోవాలి. నిజమైన స్నేహితుడు రెండుసార్లు బలవంతపెట్టి మూడోసారి ఊరుకుంటాడు.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. పొద్దున లేవగానే చేతులు వణికితే, ఆ వణుకు తగ్గడానికే తాగవలసి వస్తుంటే, మానినప్పుడు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే, హఠాత్తుగా మానడం ప్రాణానికే ముప్పు. తాగడం ఆపిన కొద్ది గంటల్లో చెమటలు, వణుకు మొదలవుతాయి. రెండు రోజుల్లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి లేనివి కనబడతాయి, మతి చెదురుతుంది, చికిత్స లేక చనిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ నెల నియమం పనికిరాదు. డాక్టరు పర్యవేక్షణలో మందులతో, బి1 విటమిన్‌తో మెల్లగా మానాలి. నీలో అలాంటి గుర్తులు ఒక్కటి కనబడినా రైల్వే ఆస్పత్రికి వెళ్లు, నేనూ వెంట వస్తాను. మత్తు అలవాట్లకు కేంద్రం నడిపే ఫోన్ 14446, మానసిక సాయానికి టెలీమానస్ 14416. చికిత్స అడగడంలో పరువు పోయేదేమీ లేదు. తాగి డ్యూటీకి వెళ్లి పట్టుబడితే పోయేది పరువొక్కటే కాదు.

మధ్యలో ఒకరోజు జారితే నెలంతా పోయిందని చేతులెత్తేయకు. ఆ రోజూ నోటుబుక్కులో రాసి మర్నాటినుంచి కొనసాగించు. మొదలుపెట్టే ముందు రక్తపోటు, బరువు చూపించుకో, కార్తీకం దాటిన పోలి పాడ్యమి నాడు మళ్లీ చూపించుకో. ఆ సాయంత్రం డ్యూటీ లేకపోతే మా ఇంటికి భోజనానికి రా. నియమం రాసిన కాగితం వెంట తీసుకురా. ఏం రాసుకున్నావో నేను అడుగుతాను, నువ్వు జవాబు చెప్పు. ఆ పైన నెలనెలా జీతం పడిన వారంలో ఒకసారి అడుగుతూనే ఉంటాను, విసుక్కోకు.

నీ మేలు కోరే
మావయ్య