తేనెటీగ జిగురు – చేపపిల్లకు రక్ష



మన హాస్టల్‌కి నాగావళి, వంశధార ఒడ్డున ఉన్న పల్లెల నుంచి వచ్చినవాళ్లున్నారు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకరికి చెరువు తెలుసు, మరొకరికి తేనెపట్టు తెలుసు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు జంతుశాస్త్రంలో పీజీ చదువుతున్నప్పుడే తెలిసింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. "ఇంత చదువూ మన చెరువుకేమైనా పనికొస్తుందా?" అని ఇంట్లో అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు ఇది.

సమస్య ఏమిటి?

మన ఊరి చెరువుల్లో ఎక్కువగా పెంచేవి బొచ్చె, రోహు, మ్రిగాల. పిల్ల చిన్నదిగా ఉన్నప్పుడే చావులు ఎక్కువ. ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా నీటిలో మామూలుగానే ఉంటుంది. నీరు చెడి, చేప నీరసించినప్పుడు అది దాడిచేస్తుంది. ఒంటిమీద ఎర్ర మచ్చలు, పుళ్లు వస్తాయి, రెక్కలు కుళ్లుతాయి, పొట్ట ఉబ్బుతుంది. యాంటీబయాటిక్స్‌ను ఇష్టం వచ్చినట్టు వాడితే బాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది, మందు అవశేషాలు చేప మాంసంలో మిగులుతాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి చేపలు, రొయ్యల పెంపకంలో వాడటం నిషిద్ధం.

ప్రొపోలిస్ అంటే?

తేనెటీగలు చెట్ల మొగ్గలు, బెరడు నుంచి బంకను తెచ్చి, మైనం కలిపి గూటి పగుళ్లు పూడ్చుకుంటాయి. ఈ జిగురే ప్రొపోలిస్. ఇందులో సుమారు సగం బంక, 30 శాతం మైనం, మిగిలినది సుగంధ తైలాలు, పుప్పొడి వగైరా. బంకలోని ఫ్లేవనాయిడ్లు, ఫినోలిక్ ఆమ్లాలు బాక్టీరియా కణపొరను దెబ్బతీస్తాయి. వేల ఈగలున్న గూడు రోగాల పాలవకుండా కాపాడే వాటిలో ఇదొకటి.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఈజిప్టులో 2009లో వెలువడిన ఒక పరిశోధనలో తిలాపియా చేపలకు మేతలో 1 శాతం ప్రొపోలిస్ కలిపి 4 వారాలు పెట్టారు. ముడి జిగురు కంటే ఆల్కహాల్‌తో తీసిన సారం తిన్న చేపలు బాగా పెరిగాయి, ఏరోమోనాస్‌ను బాగా తట్టుకున్నాయి. అక్కడే 2014లో 2.5 శాతం పుప్పొడితోనూ మంచి ఫలితం వచ్చింది. అయితే 2005లో స్పెయిన్‌లో ఒక సముద్రపు చేపపై చేసిన ప్రయోగంలో రోగనిరోధక శక్తి కొద్దిగానే పెరిగింది. అంటే అన్ని చేపలకూ ఒకే ఫలితం ఉండదు.

లెక్క వేద్దాం

చెరువులో 1 టన్ను చేప ఉంటే, బరువులో 3 శాతం చొప్పున రోజుకు 30 కిలోల మేత కావాలి. అందులో 1 శాతం అంటే రోజుకు 300 గ్రాముల సారం! ఒక పెట్టె నుంచి ఏడాదంతా వచ్చే జిగురు సాధారణంగా అంతకు మించదు. కాబట్టి చెరువు మొత్తానికి ఇది సాధ్యం కాదు.

నర్సరీ సంగతి వేరు. 2 గ్రాముల పిల్లలు 10,000 ఉంటే మొత్తం బరువు 20 కిలోలే. 5 శాతం చొప్పున మేత 1 కిలో, సారం 10 గ్రాములు. పిల్ల పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది, అయినా అందుబాటులోనే ఉంటుంది. చావులు ఎక్కువగా ఉండే దశ కూడా అదే. ప్రొపోలిస్‌కు తగిన చోటు నర్సరీయే అని నా అభిప్రాయం.

మన కొండల్లో దొరుకుతుందా?

ఇక్కడో చిక్కు ఉంది. మన పుట్టతేనె ఈగ (ఎపిస్ సెరానా) జిగురు సేకరించదు. ఐరోపా జాతి ఈగ (ఎపిస్ మెల్లిఫెరా), కుట్టని చిన్న ఈగలు సేకరిస్తాయి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన్యంలో అటవీ ఫలసాయం కొంటోంది, తేనె కూడా అందులో ఉంది. పెట్టెల్లో ఈగలు పెంచేవారు జిగురును పారేయకుండా గీకి దాచితే, దానికీ ఒక ధర వచ్చే అవకాశం ఉంది.

మనం చేయగల ప్రయోగం

ఒకే చెరువులో ఒకే కొలత గల ఆరు హాపాలు (వల గూళ్లు) కట్టాలి. ఒకే సైజు రోహు పిల్లలను సమానంగా వేయాలి. మూడింటికి సారం కలిపిన మేత, మూడింటికి మామూలు మేత పెట్టాలి. మేతకు పూసే నూనె రెండింటికీ ఒకటే కావాలి. 15 రోజులకొకసారి తూచాలి, చనిపోయిన వాటిని రోజూ లెక్కరాయాలి. రెండు నెలల తరువాత ఆ నోటు పుస్తకమే జవాబు చెబుతుంది.

గుర్తుంచుకోవలసినవి

• తేనెను చెరువులో పోయకూడదు. తేనెలో ఎక్కువ భాగం చక్కెరే. నీటిలో బాక్టీరియా పెరిగి ఆక్సిజన్ తగ్గుతుంది.
• సారంలోని ఆల్కహాల్ ఆవిరైన తరువాతే మేతకు పట్టించాలి.
• సున్నం, శుభ్రమైన నీరు, తగిన సంఖ్యలో పిల్లలు – ఇవి లేకుండా ఏ జిగురూ చేపను కాపాడదు.

మిత్రులారా! చెరువు కౌలుకు తీసుకున్న కుటుంబానికి పిల్ల చనిపోతే అప్పు మిగులుతుంది. "ఇది వేస్తే చాలు" అని వచ్చే ప్రతి సీసానూ కొనేముందు లెక్కవేసి, పరీక్షించి చూడమని వాళ్లకు చెప్పగలగాలి. మన చదువు మన చెరువుకు చేసే మొదటి మేలు అదే.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)