బయటి ప్లేయరుకు ఒక జాబు

ముత్తుకూరు,
ఆదివారం.

చిరంజీవి అబ్బయ్యకు మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. "సొంత రాష్ట్రానికి పనికిరాలేదనే గదా తమ్ముడూ, ఎక్కడో కొండల్లో వాళ్లకి క్రికెట్ ఆడమంటున్నారు" అంటుంది. నువ్వు కూడా అదే మనసులో పెట్టుకున్నావని, వేరే రాష్ట్రానికి ఆడేందుకు ఎన్‌ఓసీ ఇమ్మని దరఖాస్తు రాయడానికి నీకు చెయ్యి రావడం లేదని బావ చెప్పాడు. ఫోన్ చేస్తే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే జాబు రాస్తున్నా.

మన పక్క సంక్రాంతి టోర్నమెంట్లకి బయటి ప్లేయర్లను పిలిపిస్తారు గదా. డ్రిల్లు మాస్టారి ఉద్యోగం రాకముందు నేనూ అట్లా ఊళ్లు తిరిగినోణ్ణే. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం, గెలిస్తే చేతిలో నాలుగు నోట్లు. ఒక ఊళ్లో ఫైనల్ గెలిపిస్తే, పిలిచిన పెద్దమనిషి "డబ్బులు రేపొచ్చి తీసుకో" అన్నాడు. ముప్పై ఏళ్లయింది, ఆ రేపు ఇంకా రాలేదు. కాబట్టి ఒప్పందం కాగితం మీద చూసుకోకుండా రైలెక్కబాకు.

ఇక పనికిరాలేదన్న మాట. మన రొయ్యల గుంటల దగ్గర టెక్నీషియన్లను చూడు. ఈ పంట ఇక్కడ, వచ్చే పంట ఇంకో రైతు దగ్గర. ఆ టెక్నీషియన్ని ఎవరైనా పనికిరానోడంటారా? చెయ్యి తిరిగినోడని ఎదురెళ్లి పిలుచుకుంటారు. కెనడాలో మా పెద్దది ఉంది గదా, అది ఐస్ హాకీ పిచ్చిలో పడి మైక్ సిల్లింజర్ అనే ఆటగాడి సంగతి చెప్పింది. అక్కడి పెద్ద లీగులో 12 జట్లకు ఆడాడంట, అదే రికార్డు. వెయ్యికి పైగా మ్యాచ్‌లు. మంచు మీద కర్రతో కొట్టుకునే ఆ ఆట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, లెక్క మాత్రం అర్థమైంది. పన్నెండు చోట్ల వదిలేశారని మీ అమ్మ అంటుంది. పన్నెండు చోట్ల పిలిచారని నేనంటాను.

మనోళ్లలో వేణుగోపాలరావు లేడూ, విశాఖ మనిషి? 2004లో గుర్గావ్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్. ఇంగ్లండ్-ఎ మీద సౌత్ జోన్ గెలవాలంటే ఆఖరి ఇన్నింగ్స్‌లో 501 కొట్టాలి. ఈయన 228 నాటౌట్, మ్యాచ్ గెలిచారు. మరుసటేడు ఇండియా టోపీ వచ్చింది. 16 వన్డేలు ఆడించారు, 2006 తర్వాత మళ్లీ పిలవలేదు. ఇంట్లో కూర్చున్నాడా? ఆంధ్రకి ఆడినవాడే రాజస్థాన్‌కి ఆడాడు, గుజరాత్‌కి ఆడాడు, మళ్లీ ఆంధ్రకొచ్చాడు. 2019లో గానీ ఆట మానేస్తున్నానని ప్రకటించలేదు. రంజీలాంటి పెద్ద మ్యాచ్‌లలోనే ఏడు వేలకు పైగా పరుగులు. అందులో ఇండియా వాళ్లు మర్చిపోయాక చేసినవీ ఉన్నాయి.

గుంటూరులో పుట్టిన రాయుడిది ఇంకా పెద్ద చుట్టు. హైదరాబాద్, ఆంధ్ర, మళ్లీ హైదరాబాద్. బోర్డుకు గిట్టని ఐసీఎల్ అనే లీగులో చేరి నిషేధం మీద వేసుకున్నాడు. 2009లో అది ఎత్తేశాక బరోడా వాళ్లు చోటిచ్చారు. అక్కడ ఆడుతూనే 2013లో హరారేలో ఇండియాకి దిగాడు, తొలి మ్యాచ్‌లోనే 63 నాటౌట్. తన గడ్డ కాని బరోడాయే ఆయన్ని నిలబెట్టింది. కోపం ఒక్కటి తగ్గించుకుని ఉంటే ఇంకెంత ఆడేవాడో! నీకూ ఆ జబ్బుంది గనక చెప్తున్నా.

డబ్బు లెక్క కూడా చూడు. రంజీలో 20 మ్యాచ్‌ల లోపు వాళ్లకి రోజుకు 40 వేలు, 40 దాటితే 60 వేలు అని 2021లో బోర్డు ఖాయం చేసింది. తుది జట్టులో లేకుండా రిజర్వులో కూర్చున్నవాడికి అందులో సగం. పోయినేడు నువ్వు కూర్చున్నది అక్కడే. సగం డబ్బు సంగతి పోనీ, మ్యాచ్‌ల లెక్క పెరగదు గదా! ఇరవై నాలుగేళ్లప్పుడు నీళ్ల సీసాలు మోయడం నేర్చుకుంటే అదే అలవాటవుతుంది.

కష్టం లేదని చెప్పను. ఒక జట్టు బయటోళ్లను ముగ్గురినే తీసుకోవచ్చు. అంటే నీవల్ల అక్కడి పిల్లోడు ఒకడు బయట కూర్చుంటాడు. వాడు ముప్పై కొడితే చప్పట్లు కొడతారు. నువ్వు ముప్పై కొడితే నీకెంత ఇస్తున్నామని లెక్కేస్తారు. అట్లాగే ఉంటుంది. నేను ఆడిన ఊళ్లలోనూ అంతే, క్యాచ్ వదిలితే "దీనికా నిన్ను పిలిపించింది" అనేవాళ్లు. నువ్వు మాత్రం ఆ మిగతా ఇద్దరు బయటోళ్లతో ఒక మూల చేరబాకు. తన చోటు పోయిందని మొహం ముడుచుకున్న పిల్లోడు ఉంటాడు చూడు, నెట్స్ దగ్గర వాడికి ఓ గంట బంతులెయ్. వచ్చే ఏడాది వాడి చేతిలో నీ చోటు పోయినా పోనీ.

చలికి మోకాలు బిగుసుకుంటుంది, వేడి కాపడం పెట్టకుండా పడుకోబాకు. డిగ్రీలో మిగిలిన రెండు పేపర్లు కట్టు. మొదటి చెక్కు అమ్మ పేరున బ్యాంకులో వెయ్, బైకు మీద కాదు.

దరఖాస్తు సోమవారమే పంపించు. అక్కతో నేను మాట్లాడతా.

ఇట్లు,
మీ మామ