టైర్లు నల్లగా ఉంటే చాలు, నిగనిగలాడక్కర్లేదు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కారు కొని ఏడాది కూడా కాలేదు. వారం వారం కడుగుతున్నా టైర్లు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. షోరూమ్‌లో అడిగితే ‘మట్టి సార్’ అన్నారు. మా వీధంతా సిమెంట్ రోడ్డే. పాత టైర్లు వేసి అంటగట్టారంటారా?
— గుంటూరు

జవాబు: అనుమానం వద్దు. మట్టి కొంత ఉంటే ఉండొచ్చు గానీ ఆ రంగులో చాలా భాగం టైరులోంచి వచ్చిందే. గాలిలోని ఓజోన్ తగిలితే రబ్బరు పగుళ్లిస్తుంది. అందుకని టైరు తయారు చేసేటప్పుడే దాన్ని అడ్డుకునే రసాయనాలు, కొంత మైనం కలుపుతారు. బండి తిరుగుతున్నప్పుడు టైరు వంగుతూ సాగుతూ ఉంటుంది కదా, అప్పుడు అవి కొద్దికొద్దిగా పైకి ఊరతాయి. ఓజోన్ దెబ్బ రబ్బరుకు తగలకుండా తామే కాసి, ఆ క్రమంలో గోధుమ రంగుకు మారతాయి. టైరు తన పని తాను చేస్తోందన్నమాట.

రంగు చూడలేకపోతే కడుక్కోవచ్చు. ఎండలో, బండి ఆపిన వెంటనే మాత్రం వద్దు. వేడి చక్రం మీద సబ్బు నీళ్లు ఇట్టే ఆరిపోయి చారలు కడతాయి. బోరు నీళ్లయితే తెల్లటి మచ్చలు అదనం. పొద్దున్నే నీడలో పెట్టుకుని, ముందు చక్రాలు, ఆ తర్వాతే బాడీ కడగండి. చాలామంది దీన్ని తిరగేసి చేసి, కడిగిన డోరు మీదికే మళ్లీ బురద చిమ్మించుకుంటారు. చక్రాలకు బకెట్టు, గుడ్డ వేరుగా ఉండాలి. బ్రేక్ ప్యాడ్లు అరిగి రాలే పొడిలో ఇనుప రజను ఉంటుంది. అదే గుడ్డతో బానెట్ తుడిస్తే సన్నటి గీతలు ఖాయం.

టైరును బాగా తడిపి, కారు షాంపూ గానీ, అది లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు గానీ వేసిన నీళ్లతో బట్టలుతికే బ్రష్షు పెట్టి గుండ్రంగా రుద్దండి. ఇనుప పీచు, వైరు బ్రష్షు జోలికి పోవద్దు. కంపెనీ పేరు, సైజు అంకెలు ఉబ్బెత్తుగా ఉండేచోట మురికి ఇరుక్కుంటుంది, అక్కడ కాస్త ఎక్కువసేపు పట్టండి. మొదటిసారి నురగ టీ రంగులో దిగుతుంది. కడిగి, మళ్లీ రుద్దండి. రెండోసారికో మూడోసారికో నురగ తెల్లగా వస్తే పని అయినట్టే. తర్వాత ఏమీ పూయకపోయినా ఫర్వాలేదు. శుభ్రంగా ఆరిన టైరు మెరుపు లేకుండా, నల్లగా కనిపిస్తుంది. కొత్తగా కొన్నప్పుడు ఉన్న రంగు అదే. నా మటుకు నాకు అదే అందం.

ప్రశ్న: మా ఊళ్లో వాటర్ సర్వీసింగ్ కుర్రాడు చివర్లో డీజిల్ గుడ్డతో టైర్లు తుడుస్తాడు. భలే మెరుస్తాయి. ఇంట్లో కిరసనాయిలుతో చేసుకోవచ్చా?
— తాడేపల్లిగూడెం

జవాబు: వద్దు. ఇంట్లోనే కాదు, అతన్నీ చేయనివ్వకండి. డీజిల్, కిరసనాయిలు, పెట్రోలు, వాడేసిన ఇంజిన్ ఆయిల్, ఇవన్నీ రబ్బరులోకి ఇంకి దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తాయి. పైగా టైరును కాపాడే ఆ మైనాన్ని కూడా కడిగేస్తాయి. రెండు రోజుల మెరుపు కోసం ఎండకు పగిలే టైరును కొని తెచ్చుకున్నట్టే. ఆ గుడ్డ పొరపాటున బ్రేక్ డిస్క్‌కు తగిలితే సంగతి ఇంకా ప్రమాదం. ‘డీజిల్ వద్దు, ఉత్త నీళ్లతో కడిగి వదిలెయ్’ అని ముందే చెప్పండి. కడిగాక చెబితే అప్పటికే తుడిచేసి ఉంటాడు.

ప్రశ్న: కొబ్బరినూనె, బూట్ పాలిష్, గ్లిజరిన్... ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. వీటిలో ఏది నయం?
— కరీంనగర్

జవాబు: మూడింట్లో గ్లిజరిన్. మందుల షాపులో దొరికేదే, సగానికి సగం నీళ్లు కలిపి స్పాంజితో పల్చగా పూయొచ్చు. రబ్బరుకు హాని లేదు. వాన పడితే పోతుంది, దుమ్మును కూడా కాస్త పట్టుకుంటుంది, అంతే. కొబ్బరినూనె పూసి ఊళ్లోకి వెళ్లొస్తే దారిలో దుమ్మంతా మీ టైరు మీదే ఉంటుంది. బూట్ పాలిష్ తోలు కోసం చేసింది. టైరు లాగా రోజంతా వంగుతూ ఉండే వస్తువు మీద అది పెచ్చులు కడుతుంది.

డబ్బు పెట్టి కొనేటట్టయితే డబ్బా మీద ‘వాటర్ బేస్డ్’ అని ఉందో లేదో చూసుకోండి. పాల లాగా తెల్లగా ఉండి, ఆరాక జిడ్డు తేలదు. నూనె లాగా చిక్కగా, ఘాటు వాసనతో ఉండే సాల్వెంట్ రకం ఎక్కువ మెరుస్తుంది, ఎక్కువ రోజులూ నిలుస్తుంది. కానీ దుమ్మును పట్టుకుంటుంది, డోర్ల మీదికి చిమ్ముతుంది. ఆ అద్దంలాంటి మెరుపు షోరూమ్ ఫొటోకు బాగుంటుందేమో, మన రోడ్ల మీద సాయంత్రానికల్లా బూడిద పూసినట్టవుతుంది.

ప్రశ్న: టైర్ పాలిష్ వేసిన మర్నాడే తెల్లకారు డోర్ల కింద నల్లటి చుక్కలు. తుడిస్తే జిడ్డుగా సాగుతున్నాయి.
— హైదరాబాద్, మియాపూర్

జవాబు: ఎక్కువ పూశారు, ఆరకముందే బండి తీశారు. చక్రం తిరిగే ఊపుకు మిగులు పాలిష్ చిమ్మింది. షాంపూ నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆ చుక్కలు పోతాయి, పొడి గుడ్డతో మాత్రం రుద్దకండి. ఈసారి స్ప్రే నేరుగా చక్రం మీద కొట్టకుండా స్పాంజి మీద కొట్టుకుని పూయండి. అలాయ్ చువ్వల సందుల్లోంచి బ్రేక్ డిస్క్ కనిపిస్తూ ఉంటుంది, స్ప్రే దాని మీద పడకూడదు. ఓ పావుగంట ఆగి, పాత బనియన్ ముక్కతో పైపైన ఒకసారి తుడిచేయండి. గుడ్డకు ఎంత అంటిందో చూస్తే చుక్కలు ఎక్కడివో తెలుస్తుంది.

ప్రశ్న: మావాడు కారు టైర్లకు పూయగా మిగిలిన పాలిష్ తన బైక్ టైర్లకు కూడా పట్టించాడు. ఏమన్నా అవుతుందా అండీ?
— అనంతపురం

జవాబు: అవుతుందమ్మా. ఆ బండి తీయనివ్వకండి. కారు టైరుకైనా పాలిష్ పక్కభాగానికే తప్ప రోడ్డును తాకే గ్రిప్ మీద పూయకూడదు. బైకు మలుపులో వాలుతుంది, వాలినప్పుడు టైరు అంచు కూడా రోడ్డును పట్టుకోవాలి. అక్కడ జిడ్డు ఉంటే బండి జారిపోతుంది. గిన్నెల లిక్విడ్, బ్రష్షుతో రెండుసార్లు కడిగి, ఆరాక వేలితో రాసి చూడమనండి. జారుడు తెలిస్తే మూడోసారీ కడగాలి. డిస్క్ మీద పడిందేమో మెకానిక్‌కు చూపించాకే రోడ్డెక్కమనండి.

ప్రశ్న: దసరాకు వాహన పూజ చేయించాం. టైర్లకు, అలాయ్‌లకు పెట్టిన పసుపు ఎంత కడిగినా పోలేదు. సబ్బు వేస్తే ఎర్రగా కూడా అయింది!
— నంద్యాల

జవాబు: పసుపుకు సబ్బు తగిలితే ఎరుపు తిరగడం మామూలే, పారాణి కలిపే ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. టైరు పాడవలేదు. మంచినీళ్లతో కడిగేసి నాలుగు రోజులు ఎండలో తిప్పండి, పసుపు మరక ఎండకు వెలిసిపోతుంది. నేను జాగ్రత్త చెప్పేది నిమ్మకాయ గురించి. చక్రం కింద పెట్టి తొక్కించినప్పుడు రసం అలాయ్ మీదికి చిందుతుంది. పులుపు ఆరిపోతే మెరుగు మీద మచ్చ మిగులుతుంది, ఆ పూటే కడిగేయాలి. కుంకుమ బొట్టు తడిపి పెట్టకుండా, పొడిగా అద్దితే ఇంకా సుఖం.

ప్రశ్న: ఇక్కడ ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారు కడుగుతుంటే పక్కింటాయన వచ్చి, ఆ నీళ్లు డ్రెయిన్‌లోకి వదలొద్దన్నాడు. సబ్బు నీళ్లకు ఇంత పట్టింపా?
— రెడ్‌మండ్, వాషింగ్టన్

జవాబు: ఆయన మాట సబబే. మీ వీధిలోని వాన నీటి కాలువ శుద్ధి కేంద్రానికి పోదు, నేరుగా వాగుల్లోకి పోతుంది. మీ ప్రాంతంలో కోహో సాల్మన్ చేపలు వానలు పడగానే వాగుల్లో చచ్చిపోతుంటే ఎందుకో చాలా ఏళ్లు అంతుపట్టలేదు. 2020లో అక్కడి పరిశోధకులే కారణం పట్టుకున్నారు. టైరులో ఓజోన్‌ను ఆపడానికి కలిపే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిసినప్పుడు పుట్టే పదార్థమే ఆ చేపల పాలిట విషం. ప్రధానంగా అది రోడ్డు మీద అరిగిన టైరు రజను నుంచి వస్తుంది, మీ ఒక్క బకెట్టు వల్ల కాదు. అయినా టైరు రుద్దిన మురుగు, సబ్బు వాగులోకి పోవడం ఎందుకు? పచ్చిక మీదో కంకర మీదో పెట్టుకుని కడగండి, లేదంటే కార్ వాష్‌కు తీసుకెళ్లండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు చూశాం. టైర్లు కొత్తవాటిలా ధగధగ మెరుస్తున్నాయి. ‘మొన్ననే మార్చాం’ అంటున్నారు. నమ్మొచ్చా?
— ఖమ్మం

జవాబు: మెరుపును నమ్మకండి. అమ్మకానికి పెట్టిన బండికి ముందు చేసే పని టైర్లకు పాలిష్ కొట్టడమే. ఒక తడి గుడ్డ, సెల్‌ఫోన్ లైటు తీసుకెళ్లండి. పక్కభాగం తుడిచి చూస్తే సన్నటి పగుళ్లు బయటపడతాయి. జుట్టు మందాన గీతలుంటే వయసు మళ్లిందని, గోరు దిగేటన్ని పగుళ్లుంటే మార్చాల్సిందేనని లెక్క. అరచేత్తో చుట్టూ తడమండి. ఎక్కడైనా బుడిపె తగిలితే గుంతలో పడి లోపలి దారాలు తెగినట్టే, అది ఎప్పుడైనా పేలొచ్చు. దానికి రిపేరు లేదు.

తర్వాత తేదీ. డీవోటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం, దాదాపు జూన్‌లో తయారైందని. చాలా టైర్లకు ఈ నాలుగంకెలు ఒక పక్కే వేస్తారు, అది లోపలి వైపుకు తిరిగి ఉండొచ్చు. వంగి చూడండి, బద్ధకించొద్దు. ఐదేళ్లు దాటితే ఏటా ఒకసారి టైరు షాపులో చూపించుకోవాలి. పదేళ్లు నిండితే గ్రిప్ ఎంత మిగిలినా మార్చేయాలి. గాడుల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గ్రిప్ అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పనైపోయినట్టే.

డిక్కీ తీయించి స్టెప్నీ తేదీ కూడా చూడండి. మార్చకుండా ఉంటే అది కారు తయారైన ఏడాదికి దగ్గరగానే ఉంటుంది. బయటి నాలుగు టైర్ల తేదీ స్టెప్నీ కంటే పాతదైతే ఎవరో వాడేసినవి తెచ్చి తగిలించారన్నమాట. అప్పుడు నాలుగు కొత్త టైర్ల ఖరీదు కనుక్కుని, దాన్ని తగ్గించుకునే బేరం మొదలెట్టండి.