గోండీని ఏ లిపిలో చదవాలి?

పిల్లలూ, మన రాయ్‌పూర్ నుంచి జగ్దల్‌పూర్ మీదుగా దక్షిణానికి సాగే 30వ నంబరు జాతీయ రహదారి చివరకు విజయవాడ దగ్గరికి చేరుతుంది. సెలవులకు ఆ దారిన ఊరికి వెళ్లినవారు గమనించే ఉంటారు. కోంటా వరకు దుకాణాల మీద, బడుల మీద పేర్లు దేవనాగరిలో ఉంటాయి. చింతూరు వచ్చేసరికి తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. కానీ సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న కోయ పల్లెల్లో ఇంటి మాట అంతగా మారదు. వారు మాట్లాడే కోయ భాషను గోండీకి ఒక శాఖగా భాషావేత్తలు లెక్కిస్తారు. ఇటు పిల్లవాడు బడిలో దేవనాగరి దిద్దుతాడు. అటు పిల్లవాడు మన ఓనమాలు దిద్దుతాడు. ఇద్దరూ కలిస్తే కబుర్లు చెప్పుకోగలరు గాని, తమ భాషలో ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేరు.

గోండీ మన తెలుగుకు చుట్టమే. రెండును ‘రండ్’, మూడును ‘ముండ్’, నాలుగును ‘నాలుంగ్’ అంటారు. కన్ను వారికి ‘కన్’. నీళ్లను ‘ఏర్’ అంటారు. మన ‘ఏరు’ గుర్తుకొస్తోంది కదా! 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ భాష మాట్లాడేవారు దాదాపు 30 లక్షల మంది. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణల్లో వీరు విస్తరించి ఉన్నారు. అయినా గోండీకి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. బడిలో దాని స్థానం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం.

ఆదిలాబాద్ ప్రాంతం సంగతి చూడండి. 1940లలో, నిజాం కాలంలో, హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త మార్లవాయి గ్రామంలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టించాడు. అక్కడి గోండీ వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి. అప్పుడు సర్కారు భాష ఉర్దూ, ఆ చుట్టుపక్కల చదువుకున్నవారిలో మరాఠీ ఎక్కువ. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడిలో తెలుగు స్థిరపడింది. 2006లో అదే ప్రాంతంలోని గుంజాల గ్రామంలో గోండీకి సొంతమైన లిపిలో రాసిన పాత చేతిరాత ప్రతులు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. వాటి ఆధారంగా వాచకం తయారుచేసి ఉట్నూరు చుట్టుపక్కల కొన్ని బడుల్లో నేర్పారు. అంటే అక్కడ ఒకే ఇంట్లో తాత దేవనాగరిలో, తండ్రి తెలుగులో, మనుమరాలు గుంజాల లిపిలో చదివి ఉండవచ్చు.

గోండీకి ఇంకో సొంత లిపి కూడా ఉంది. మన పొరుగునే ఉన్న బాలాఘాట్ జిల్లాకు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారామ్ 1918లో దాన్ని రూపొందించారు. కంప్యూటర్లకు ఆధారమైన యూనికోడ్‌లో మసారామ్ లిపి 2017లో, గుంజాల లిపి 2018లో చేరాయి. ఇక రాయ్‌పూర్‌లోని రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థ చిన్న తరగతులకు వేసిన గోండీ పాఠాలు దేవనాగరిలోనే ఉన్నాయి.

ఇలాంటి తగువు గోండీకి మాత్రమే వచ్చింది కాదు. గోవా 1987లో కొంకణిని అధికార భాష చేసినప్పుడు చట్టంలో దేవనాగరి లిపి అని రాసుకుంది. రోమన్ లిపిలో చదివి, రాసే కొంకణి వారు తమకూ సమాన గుర్తింపు కావాలని ఇప్పటికీ అడుగుతున్నారు. మంగళూరు వైపు కొంకణిని కన్నడ లిపిలో రాస్తారు. సంతాలీకి మాత్రం రఘునాథ్ ముర్ము 1925లో తయారుచేసిన ఓల్ చికి నిలదొక్కుకుంది.

సొంత లిపి ఉంటే ‘మీది భాష కాదు, యాస’ అని ఎవరూ తీసిపారేయలేరు. ఇది చిన్న మాట కాదు. కాని ఆ లిపి వచ్చిన పంతులు దొరకాలి, కథల పుస్తకాలు అచ్చు కావాలి, ఐదో తరగతి తర్వాత కూడా అది పనికిరావాలి. పక్క భాష లిపి అయితే ఈ ఇబ్బందులు తక్కువ. కాని రాష్ట్రం మారితే పుస్తకం మూగబోతుంది. నా మటుకు నాకు, ఒకటో తరగతిలో ఊళ్లో రోజూ కనబడే అక్షరాలతో గోండీ నేర్పి, సొంత లిపిని మూడో తరగతిలో మొదలుపెట్టడం మేలనిపిస్తుంది. గోండు పెద్దలు కొందరు దీనికి ఒప్పుకోరు. సొంత అక్షరాన్ని రెండో వరసలో ఎందుకు నిలబెట్టాలి అని వారి ప్రశ్న. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు.

బదిలీల మీద ఊళ్లు తిరిగే మీకు ఈ కష్టం కొత్త కాదు. తెలుగు మాట్లాడతారు, హిందీ చదువుతారు, అమ్మమ్మకు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు పంపుతారు.

ఒక పని చేసి చూడండి. ‘తెగ’, ‘తేగ’ అనే రెండు మాటలను తెలుగులో, హిందీ అక్షరాల్లో, ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. మొదటిది గోండుల్లాంటి ఒక జనం, రెండోది తాటి టెంక మొలిస్తే వచ్చే తినుబండారం. తెలుగు రాని స్నేహితుడి చేత వాటిని పైకి చదివించండి. ఏ లిపిలో రెండూ వేర్వేరుగా పలికాడో, ఏ లిపిలో ఒకేలా పలికాడో నోటుపుస్తకంలో రాసుకుని తరగతికి తీసుకురండి.