ఎంప్రెస్ ఓడ చెప్పే లెక్క

2022 జూన్ 8న విశాఖపట్నం పోర్టుకి ఎంప్రెస్ అనే క్రూయిజ్ షిప్ వచ్చింది. కార్డీలియా కంపెనీది, చెన్నై నుంచి వచ్చింది. ఆ రోజు ఫోటోలు చూసి చాలామంది కొత్త ఓడ అనుకున్నారు కానీ దాని వయసు అప్పటికే 32 ఏళ్లు. 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో తయారైంది. మొదట అమెరికాలో రాయల్ కరీబియన్ కంపెనీకి నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మూడు, నాలుగు రోజుల చిన్న ట్రిప్పులు తిరిగింది. 2008 నుంచి 2016 దాకా స్పెయిన్ కంపెనీ పుల్మంటూర్ చేతిలో ఉంది. 2020 చివర్లో కార్డీలియా కొనుక్కుంది.

అంటే యూరప్‌లో క్రూయిజ్ మార్కెట్ జోరుగా పెరిగిన రోజుల్లో అక్కడ పనిచేసిన ఓడే మన తీరానికి వచ్చింది. అందుకే యూరప్‌లో ఈ వ్యాపారం ఎలా పెరిగిందో, అందులో మనం నేర్చుకోవాల్సింది ఏంటో ఈ ఒక్క ఓడని పట్టుకుని చూద్దాం.

మాది ముప్కాల్. పక్కనే పోచంపాడు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే శ్రీరాంసాగర్ ప్రాజెక్టే, సముద్రం చాలా దూరం. అయినా ఈ బిజినెస్ నాకు అర్థమైంది మా దగ్గర తిరిగే వరికోత మిషన్ వల్లనే.

కోత మిషన్ లెక్క

హార్వెస్టర్ కొన్నాయన బాధ ఒకటే. మిషన్ నడిచినా, చెట్టు కింద ఆగినా బ్యాంకు కిస్తీ ఆగదు. అందుకే నిజామాబాద్ వైపు యాసంగి కోతలు ముందు మొదలైతే ఇక్కడ కోసి, తర్వాత కోతలు ఆలస్యంగా వచ్చే జిల్లాలకు పోతడు. పని ఉన్న చోటికి మిషన్ పోవాలె, అంతే. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో క్రషింగ్ సీజన్ గురించి పెద్దవాళ్లు అంత పట్టింపుగా ఎందుకు మాట్లాడేవాళ్లో కూడా ఇందుకే. ఖాళీగా ఉన్న యంత్రం తినకుండా ఊరుకోదు.

యూరప్‌లో క్రూయిజ్ మొదలైంది సరిగ్గా ఈ బాధతోనే. జర్మనీలో హాంబర్గ్-అమెరికా లైన్ అనే కంపెనీ అట్లాంటిక్ మీద జనాన్ని అమెరికాకి చేరవేసేది. చలికాలంలో ఆ దారిలో ప్రయాణికులు తగ్గిపోయి ఓడలు ఖాళీగా ఉండేవి. కంపెనీని నడిపించిన ఆల్బర్ట్ బాలిన్ ఒక ఆలోచన చేశాడు. 1891 జనవరి 22న అగస్టా విక్టోరియా అనే ఓడలో 241 మందిని ఎక్కించి మధ్యధరా సముద్రం చుట్టూ సుమారు రెండు నెలలు తిప్పాడు. ఎక్కడికో చేరడం కోసం కాదు, తిరగడం కోసమే తిరగడం. ఎగతాళి చేసినవాళ్లున్నారు, టికెట్లు మాత్రం అమ్ముడుపోయాయి.

1958 అక్టోబర్‌లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాక ప్రయాణికుల ఓడలకు అసలు పనే పోయింది. వారం పట్టే దారిని విమానం కొన్ని గంటల్లో దాటేస్తుంటే ఓడ ఎవరెక్కుతారు? బతకాలంటే ఓడలకు విహారయాత్రే దిక్కైంది. బాలిన్‌కి చలికాలపు సైడ్ బిజినెస్ అయినది తర్వాతి వాళ్లకు అసలు బిజినెస్ అయింది.

ఇప్పటికీ కోత మిషన్ లాజిక్ మారలేదు. యూరప్ ఓడలు ఎండాకాలం మధ్యధరాలో, నార్వే తీరంలో తిరుగుతాయి. చలికాలం రాగానే కొన్ని కరీబియన్‌కి, కొన్ని గల్ఫ్‌కి పోతాయి. ఇటలీ కంపెనీ కోస్టా 2006 నుంచే దుబాయ్‌ని చలికాలపు స్థావరం చేసుకుంది. మన జిల్లా నుంచి పని కోసం దుబాయ్ పోయినవాళ్లకు రేవు దగ్గర కనిపించే అపార్ట్‌మెంట్లంత ఓడలు అలాంటివే.

ఓడే ఊరైంది

1990ల దాకా యూరప్‌లో క్రూయిజ్ అంటే రిటైరైన డబ్బున్నవాళ్ల వ్యవహారం. ఆ దశాబ్దంలో రెండు జరిగాయి. బ్రిటన్‌లో విమానం, హోటల్ కలిపి ప్యాకేజీలు అమ్మే ఎయిర్‌టూర్స్ లాంటి కంపెనీలు పాత ఓడలు కొని అదే పద్ధతిలో చవగ్గా అమ్మడం మొదలుపెట్టాయి. జర్మనీలో 1996లో ఐడా అనే ఓడ వచ్చింది. సూటు బూటు అక్కర్లేదు, బఫే భోజనం, ఆటలు, అంటే నీళ్ల మీద హాలిడే క్లబ్ అన్నమాట. వయసులో ఉన్నవాళ్లు, పిల్లలున్న కుటుంబాలు ఎక్కడం మొదలైంది.

2007లో యూరప్ నుంచి సుమారు 40 లక్షల మంది క్రూయిజ్ ఎక్కారు. 2019కి ఆ సంఖ్య సుమారు 77 లక్షలు. అందులో జర్మనీ ఒక్కటే దాదాపు 26 లక్షలు, తర్వాత బ్రిటన్ దాదాపు 20 లక్షలు. పన్నెండేళ్లలో రెట్టింపుకి దగ్గర.

ఓడలూ అలాగే పెరిగాయి. ఎంప్రెస్ గ్రాస్ టన్నేజ్ సుమారు 48,500. ఇది బరువు కాదు, ఓడ లోపల ఎంత చోటుందో చెప్పే కొలత. ఫిన్లాండ్‌లోని తుర్కులో తయారై 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ గ్రాస్ టన్నేజ్ సుమారు 2,48,600. అంటే ఐదు ఎంప్రెస్‌లు ఒక్కదాంట్లో. ఓడ పెద్దదైన కొద్దీ తలకు పడే ఖర్చు తగ్గుతుంది. కానీ అన్ని గదులూ నింపాలి. అసలు కథ ఇక్కడుంది.

మన సిలబస్‌లో పట్టే లెక్క

ఓడ బయల్దేరిన నిమిషంలో ఖాళీ గది విలువ సున్నా. రేపు అమ్ముకుందాం అనడానికి లేదు. సంతలో సాయంత్రం మిగిలిన టమాటా లాంటిదే. మరి ఎంత చవక్కి ఇవ్వాలి? దీనికి ఒక సూత్రం ఉంది. 1972లో బ్రిటిష్ విమాన కంపెనీ బీఓఏసీలో పనిచేసిన లిటిల్‌వుడ్ రాశాడు. ఊహించిన అంకెలతో చేసి చూద్దాం.

ఒక్క గది మిగిలింది. ఇప్పుడు ఒకాయన 18,000 ఇస్తానంటున్నాడు. ఆగితే 30,000 ఇచ్చేవాళ్లు రావొచ్చు. వచ్చే అవకాశం p అనుకుందాం. 30,000 × p అనేది 18,000 కంటే ఎక్కువైతేనే ఆగాలి. అంటే p 0.6 దాటాలి. దాటకపోతే 18,000కే ఇచ్చేయాలి. విమానానికి లెక్క ఇక్కడితో దాదాపు అయిపోతుంది.

ఓడకి ఇంకోటుంది. ఎక్కినవాడు మూడు రోజులు లోపలే ఉంటాడు. డ్రింకులు, స్పా, షాపులు, కాసినో, ఫోటోలు, ఒడ్డున టూర్లు. వీటి మీద ఖర్చులు పోను కంపెనీకి తలా 8,000 మిగులుతుంది అనుకుందాం. ఇప్పుడు పోల్చాల్సింది 26,000కీ 38,000 × pకీ మధ్య. p సుమారు 0.68 దాటితేనే ఆగాలి.

0.6 నుంచి 0.68కి జరగడమే చూడండి. లోపల ఖర్చు పెరిగే కొద్దీ గదిని చవగ్గా ఇచ్చేయడమే కంపెనీకి లాభం. టికెట్ తగ్గింది, మామూలు ఉద్యోగులు ఎక్కారు, మార్కెట్ పెరిగింది. కంపెనీ దానం చేయలేదు, లెక్క అలా కుదిరింది. 2022లో ఇదే ఎంప్రెస్‌కి పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడానికి కాసినో మీద గొడవే కారణమైంది. ఓడలో కాసినో ఎందుకు ఉంటుందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మరి రేవుకి ఏం మిగులుతుంది?

నాకు ముఖ్యమనిపించిన ప్రశ్న ఇదే. ప్రయాణికుడి జేబులో డబ్బు ఓడలో ఖర్చైతే ఒడ్డున ఖర్చయ్యేది తగ్గుతుంది. భోజనం ఓడలోనే, పడక ఓడలోనే. పొద్దున దిగి, నాలుగు ఫోటోలు తీసుకుని, సాయంత్రం ఎక్కేస్తారు. ఊరికి మిగిలేది రద్దీ.

యూరప్ ఊళ్లు ఇప్పుడు అదే అంటున్నాయి. వెనిస్‌లో 2021 ఆగస్టు 1 నుంచి 25,000 గ్రాస్ టన్నేజ్ దాటిన ఓడలు ఊరి మధ్య జ్యుడెక్కా కాలువలోకి రాకూడదు. మన ఎంప్రెస్ కూడా అక్కడికి పోలేదు. బార్సిలోనా 2030 నాటికి తన ఏడు క్రూయిజ్ టెర్మినళ్లని ఐదుకి తగ్గించుకుంటామని 2025 జూలైలో ఒప్పందం చేసుకుంది.

కానీ అన్ని రేవులూ ఒకటి కాదు. ఓడ కొన్ని గంటలు ఆగిపోయే రేవు ఒక రకం. ప్రయాణం మొదలై, ముగిసే రేవు ఇంకో రకం, దాన్ని హోమ్ పోర్ట్ అంటారు. హోమ్ పోర్ట్‌కి ప్రయాణికులు ముందురోజే వచ్చి హోటల్‌లో దిగుతారు. రైలు, ట్యాక్సీ ఎక్కుతారు. ఓడ వంటగదికి సరుకులు మామూలుగా అక్కడే ఎక్కుతాయి. డబ్బు ఊళ్లోకి వచ్చేది ఇలాగే.

విశాఖ ఎటు?

విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబర్ 4న ప్రారంభమైంది. ఖర్చు సుమారు 96 కోట్లు, 2,000 మంది ప్రయాణికులకు సరిపోయేలా కట్టారు. 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే విలాస నౌక వచ్చింది. 2025 జూలైలో కార్డీలియా ఓడ మళ్లీ వచ్చింది. 2024 సెప్టెంబర్ 30న కేంద్రం క్రూయిజ్ భారత్ మిషన్ మొదలుపెట్టింది, 2029 నాటికి ప్రయాణికుల్ని రెట్టింపు చేయాలని లక్ష్యం.

ఒకటి గమనించారా? కార్డీలియా ఓడ వచ్చింది ఒకసారి జూన్‌లో, ఇంకోసారి జూలైలో. ఆ నెలల్లో నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ముంబై, గోవా ట్రిప్పులు కష్టం. కాబట్టి ఓడ తూర్పు తీరానికి వస్తుంది. మళ్లీ కోత మిషన్ లాజిక్కే! అక్కడ పని ఆగితే ఇక్కడికి. టెర్మినల్ కట్టినంత మాత్రాన ఓడ ఉండిపోదు. నింపడానికి జనం ఉంటేనే ఉంటుంది.

ఆ జనం ఎవరు? మనమే. నాందేడ్ నుంచి నిజామాబాద్ మీదుగా విశాఖకి నేరుగా రైలుంది. మన దగ్గర సముద్రం లేదు కానీ సముద్రం చూడాలన్న ఆశ ఉంది. 2024 నవంబర్‌లో తెలంగాణ టూరిజం సోమశిల నుంచి శ్రీశైలానికి కృష్ణలో లాంచీ మొదలుపెట్టింది కూడా ఆ ఆశని నమ్ముకునే కదా. హోమ్ పోర్ట్ అయితే ఓడలోకి మన బియ్యం, మన పసుపు పోతాయా అన్నది కూడా అడగొచ్చు.

పెరగడంతో పాటు ఇంకోటి నేర్చుకోవాలి. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకార్డియా మునిగి 32 మంది చనిపోయారు. దాని తర్వాత అంతర్జాతీయ రూల్ మార్చారు. ఓడ కదిలే ముందు గానీ, కదిలిన వెంటనే గానీ ప్రయాణికులందరికీ ప్రమాదంలో ఏం చేయాలో డ్రిల్ చేయించాల్సిందే. మనకి 2019 సెప్టెంబర్ 15 గుర్తుంది. పాపికొండలకు పోతున్న పడవ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. సముద్రమైనా, నదైనా, టికెట్ ఎంత చవకైనా, లైఫ్ జాకెట్ వేయించి, డ్రిల్ చేయించాకే పడవ కదలాలి.

ఈసారి "విశాఖకి క్రూయిజ్ వచ్చింది" అన్న వార్త కనిపిస్తే ఫోటో లైక్ చేసే ముందు మూడు ప్రశ్నలు వేయండి. ప్రయాణికులు ఎక్కడ ఎక్కారు? ఊళ్లో ఎన్ని గంటలు ఉన్నారు? ఓడలోకి సరుకు ఎక్కడి నుంచి పోయింది? ఈ మూడింటికీ "విశాఖ", "రెండు రోజులు", "మన జిల్లాల నుంచి" అని జవాబు వచ్చిన రోజు ఆ 96 కోట్లు గిట్టుబాటైనట్టు.