అమ్మకు జ్వరం వస్తే?

ఫ్లూ ఒక అంటు జ్వరం. కంటికి కనిపించని క్రిమి వల్ల ఇది వస్తుంది. ఫ్లూ వచ్చిన మనిషి దగ్గినా, తుమ్మినా, దగ్గరగా మాట్లాడినా తుంపర్లు పడతాయి. వాటిలో క్రిమి ఉంటుంది. అది పక్కవారి ముక్కులోకి, నోట్లోకి పోతుంది. ఒకటి నుంచి నాలుగు రోజుల్లో వారికీ జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి.

ఇంకో సంగతి ఉంది. జ్వరం బయటపడక ఒక రోజు ముందే ఆ మనిషి నుంచి రోగం అంటుకోవచ్చు. అందుకే రోగం వచ్చినాక చూసుకుందాం అంటే ఆలస్యం అవుతుంది. ముందే ఇల్లు సిద్ధం చేసుకోవాలి.

రోగం నడిచే దారి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు దారి మీద ఉన్నాయి. ఆ దారి బెంగళూరుకు పోతుంది. పనికి, చదువుకు, సంతకు రోజూ ఎందరో పోయి వస్తారు. మనుషులు తిరిగే దారిలోనే అంటురోగమూ తిరుగుతుంది.

1918లో పెద్ద ఫ్లూ వచ్చింది. ఓడల్లో బొంబాయికి వచ్చి, రైళ్లలో దేశమంతా పాకింది. మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. మగవారి కంటే ఆడవారే ఎక్కువ చనిపోయారు. ఎందుకు? అప్పటి ప్రభుత్వ నివేదికలో ఒక కారణం రాశారు. ఆడవారు తమకు జ్వరం వచ్చినా ఇంటి పని మానలేదు. దాంతోపాటు ఇంట్లో రోగులందరికీ సేవ చేశారు.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. మన దేశంలో అది మొదట హైదరాబాదులోనే బయటపడింది. 2020లో కరోనా వచ్చింది. అది వేరే క్రిమి. కానీ అదీ తుంపర్లతో, గాలితోనే అంటుకుంది. ఆ ఏప్రిల్‌లో హిందూపురం రెడ్‌జోన్ అయింది. జనం ఇల్లు కదలలేకపోయారు. ధర్మవరంలో మగ్గాలు ఆగిపోయాయి.

ఒక మగ్గం ఇంట్లో

ధర్మవరంలో ఒక నేతవారి ఇల్లు అనుకోండి. అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. ఆశా కార్యకర్త వచ్చి ఫ్లూ గురించి చెప్తోంది.

"అక్కా, మాకుండేది రెండే గదులు. ఒకదాంట్లో మగ్గం ఉండాది. రోగిని వేరేగా యాడ పెట్టేది?" అని కోడలు అడిగింది.

"కిటికీ ఉండే మూల చూడు. గాలి ఆడాల. మంచానికి మంచానికి నడుమ బారెడు ఎడం ఉంచు. రోగికి చెంబు, తట్ట, తువ్వాలు వేరేగా పెట్టు. రోగిని ఒక్కరే చూసుకోవాల. ఆ ఒక్కరూ ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాల. బయటికి వచ్చినాక సబ్బుతో చేతులు కడుక్కోవాల. ముసలోళ్లు, పసిపిల్లలు, కడుపుతో ఉన్నోళ్లు దగ్గరికి పోకూడదు."

"ఆ ఒక్కరూ నేనే కదా! మరి నాకే జ్వరం వస్తే?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అత్త అంది: "నేను జ్వరంతోనే సంగటి గెలికినాను. జ్వరంతోనే కండెలు చుట్టినాను. పండుకోమని ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తా ఉన్నా కదమ్మా. దానికి జ్వరం వస్తే సంగటి నేనే చేస్తా" అన్నాడు కొడుకు.

"మగ్గం ఆగితే కూలి ఎట్ల నాయనా?"

"అమ్మా, నాలుగు దినాలు ఆగితే నష్టమే" అంది ఆశా కార్యకర్త. "అందరూ మంచం పడితే ఇంకా ఎక్కువ దినాలు ఆగుతుంది. అందుకే సంఘంలో పొదుపు ఉండాల. ఎవరి పని ఎవరు చేయాలో ముందే అనుకోవాల."

ముందే పెట్టుకోవలసినవి

ఒక్కసారిగా కొనలేకపోతే వారం వారం కొంచెం కొంచెం కొనండి.

- రెండు వారాలకు బియ్యం, రాగిపిండి, బేడలు, ఉప్పు, చక్కెర
- సబ్బులు, మాస్కులు లేదా ఉతికిన మెత్తటి గుడ్డలు
- పారాసెటమాల్ మాత్రలు, థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు
- బీపీకి, షుగరుకు రోజూ వేసుకునే మాత్రలు
- ఒక కాగితం. దాని మీద మీ చేత్తోనే రాయండి: అంబులెన్సుకు 108, ఆరోగ్య సలహాకు 104, ఆశా కార్యకర్త నంబరు. గోడకు అంటించండి.

జ్వరం వచ్చినాక

పండుకోవాలి. గంజి, మజ్జిగ, కాచి చల్లార్చిన నీళ్లు మాటిమాటికీ తాగాలి. ఫ్లూ క్రిమి మీద యాంటీబయాటిక్ మందు పనిచేయదు. అంగట్లో అడిగి వేసుకోవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలు, ముసలివారు, షుగరు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఫ్లూ మందును మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఏటా వేసే ఫ్లూ టీకా కూడా ఉంది. డాక్టరును అడగండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఎవరికైనా సరే, వెంటనే 108కి ఫోన్ చేయాలి:

- ఊపిరి ఆడకపోవడం, గుండెలో నొప్పి
- పెదవులు నీలంగా మారడం
- మాట తడబడడం, తెలివి తప్పడం
- ఒంటేలు రాకపోవడం
- పసిబిడ్డ పాలు తాగకపోవడం, ఎగశ్వాస
- తగ్గిన జ్వరం, దగ్గు మళ్లీ ఎక్కువ కావడం

ఆలోచించండి, రాయండి

1. 1918లో ఆడవారు ఎక్కువగా చనిపోవడానికి చెప్పిన కారణం ఏమిటి?
2. మీ ఇంట్లో గాలి ఆడే మూల ఏది?
3. మీకు జ్వరం వస్తే నీళ్లు ఎవరు తెస్తారు? వంట ఎవరు చేస్తారు? పిల్లలను ఎవరు చూస్తారు? వారి పేర్లు రాయండి. రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.